హాజరు

కజాన్‌లో మధ్యాహ్నం మూడు. నాకు రాత్రి తొమ్మిది.
ఒల్యోక్మిన్‌స్క్ ఆసుపత్రి రెండో అంతస్తులో
గాజుకు లోపలివైపు కూడా మంచు పేరుకున్న కిటికీ పక్కన
హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను,
ఈ జిల్లా మొత్తానికి ఒకే ఒక్క క్లినికల్ ఫార్మకాలజిస్టుని,
యాభై ఏడేళ్ల విద్యార్థినిని.

బయట మైనస్ నలభై ఏడు.
గడ్డకట్టిన లేనా నది మీద లారీలు నడుస్తున్నాయి.
ఇంటర్నెట్టే తడబడుతోంది:
ఆల్బీనా రుస్తామొవ్నా పెదవులు ఒక మాట దగ్గర ఆగిపోతాయి,
గొంతు ముందుకెళ్లిపోతుంది,
తర్వాత పెదవులు పరుగున వచ్చి దాన్ని అందుకుంటాయి.

ఐదేళ్లలో ఇన్ని పాయింట్లని కూడబెట్టాలి.
లేకపోతే కేసు షీటు మీద నా సంతకం ఉత్త సిరా.
ప్రతి క్లాసులో ఆరుసార్లు, ఎప్పుడో చెప్పకుండా,
తెర మధ్యలో ఒక నీలం గడి తేలుతుంది:
"మీరు ఇంకా ఇక్కడే ఉన్నారా?"
రెండు నిమిషాల్లో నొక్కితే ఉన్నట్టు.
నొక్కకపోతే లేనట్టు.

ఆ గడికి నేను చాలాసార్లు అబద్ధం చెప్పాను.
నాలుగేళ్ల కిందట, వంటింట్లో,
బంగాళాదుంపల తొక్క తీస్తూ ఒంటి చెవితో విన్న క్లాసు ఒకటి.
చెప్పిందెవరో గుర్తు లేదు, జలుబు చేసిన మగ గొంతు.
పేగు గోడలో, మూత్రపిండంలో గుమ్మం కాసే
ఒక ప్రోటీన్ గురించి,
వచ్చిన మందును వచ్చినట్టే గెంటేసే ప్రోటీన్.
కొన్ని మందులు దాని చేతులు కట్టేస్తాయట.
అప్పుడు బయటికి పోవాల్సింది లోపలే ఉండిపోతుంది,
రోజురోజుకీ పోగవుతూ.
తడి వేలితో మౌస్ నొక్కాను, ఆరుసార్లూ.
నూటికి నూరు హాజరు.
ఆ సర్టిఫికెట్ అలమారలో ఉంది.

ఈ రాత్రి రెండు గడులు నొక్కాక
కింది వార్డు నుంచి కున్నెయ్ ఫోన్ చేసింది.
కొత్త నర్సు. గొంతు తగ్గించి మాట్లాడుతుంది,
రోగం తానే తెచ్చినట్టు.
"నాలుగో గది ప్రోకోపీ తాత భోజనం ముట్టడం లేదు.
కడుపులో తిప్పుతోందంటున్నాడు.
ఇంకోటి... మీకు చెప్పాలో వద్దో.
బల్బు చుట్టూ పసుపు వలయం ఉందట.
బల్బు మార్చాను. ఇంకా ఉందట."

హెడ్‌ఫోన్లు ఎప్పుడు తీశానో తెలీదు.
మెట్లు దిగుతుంటే చెవిలో ఆ జలుబు గొంతు,
బంగాళాదుంపల మట్టివాసనతో సహా.

చార్టులో డిగాక్సిన్, గుండె కోసం, ఏళ్లనాటి నేస్తం.
దాని కిందే, నాలుగు రోజుల నాటి సిరాతో,
దగ్గుకని క్లారిత్రోమైసిన్.
రెండూ మంచి మందులే. రెండూ తూచి రాసిన మోతాదులే.
చిక్కంతా గుమ్మం దగ్గర.
నాడి నలభై రెండు.
రెండూ ఆపించాను. రక్తం తీయించాను. ఈసీజీ తీయించి
ఆ గీతల్ని కున్నెయ్ చేతే చదివించాను.
తెల్లవారుజామున రెండింటిదాకా అక్కడే కూర్చున్నాం.

"దీపాల సంగతి నాకా చెబుతారు?" అన్నాడు తాత, కళ్లు మూసుకునే.
"ఇరవై రెండేళ్లు ఈ నది మీద
పడవలకు దారిచూపే దీపాలు వెలిగించాను.
నూనె కల్తీ అయితే వెలుగు ఇలాగే ఉంటుంది."
చార్టు వెనక రాసుకున్నాను, వాడిన మాట వాడినట్టు.

పైకి వచ్చేసరికి తెర నల్లబడి ఉంది.
ఒక మెయిల్:
"గౌరవనీయ తుయారా వసీల్యెవ్నా,
ఆరింటిలో రెండుసార్లే మీ హాజరు నమోదైంది.
పాయింట్లు జమ కావు."

కోపం రాలేదు. యంత్రం అన్నది నిజమే,
నేను అక్కడ లేను.
ఆనాడు వంటింట్లోనూ లేను, సరిగ్గా చెప్పాలంటే.
అయినా సగం చెవిన పడ్డది నాలుగేళ్లు నిలవుంది.
దేనికి ఎన్ని పాయింట్లో
ఈ లెక్క తేల్చడం నా వల్ల కాదు.

గురువారం మళ్లీ అదే క్లాసు. పేరిచ్చాను.
కున్నెయ్‌ని కూడా రమ్మన్నాను, ఇంకో కుర్చీ వేసి.
బంగాళాదుంపలు తెస్తానంది.

పొద్దున నాలుగో గదిలోకి తొంగి చూశాను.
తాత బల్బుకేసి చూస్తున్నాడు,
సంతలో గుర్రాన్ని బేరమాడేవాడిలా.
"ఇంకా ఉందా?"
"ఉంది," అన్నాడు. "అంచు కొంచెం పలచబడింది."