చూసినవి

సింహం చూడల్ల, సింహం చూడల్ల అని
సెలవులిచ్చిన రోజు నుంచీ ఒకటే పోరు.
హైదరాబాదు జూకి అయిదుమందిమి పోయి రావాలంటే
రైలు, తిండి, లోపల టికెట్లు...
మద్దిలేటి అగ్గిపెట్టె మీద లెక్క రాసి
ఆ అగ్గిపెట్టెను జేబులో పెట్టుకున్న్యాడు.
మూడోరోజు తెల్లారకముందే ఉల్లిగడ్డల ఆటో కడిగి
"రండ్రా, జూకి పోదాం" అన్న్యాడు.
యా జూనో చెప్పలేదు.

వెనక ట్రాలీలో బొంత పరిచి
లిఖితను, ఉరుకుందును,
ఆదోని నుంచి వచ్చిన చెల్లెలి కూతురు కీర్తనను
కోడిపిల్లల మాదిరి సర్దితిమి.
నడుమ నేను, ఉగ్గాని డబ్బా, నీళ్ళ క్యాను.
ఎంత కడిగినా ఉల్లి వాసన మాతోనే వచ్చింది.
నందికొట్కూరు దాటినాంక
తొమ్మిదికే రేకు కాలి, పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనె.

రోళ్ళపాడు.
గేటు అవతల గడ్డి.
గడ్డి అవతల గడ్డి.
"బోన్లు యాడుండాయి పెద్దనాయనా?" అని కీర్తన.
ఆయన నా పక్క చూసినాడు.
నేను చెప్పులో దూరిన రాయి తీసుకుంటాండ.
వాచరు కంబగిరన్న వచ్చినాడు,
తలకు తువ్వాల, మెడలో దుర్భిణి.
"బోన్లకు ఈడ పని లేదు పాపా,
ఇది బట్టమేక పిట్ట ఊరు."

గోడ మీద దాని బొమ్మ.
ఉరుకుందు అంత ఎత్తు. నల్ల టోపీ, తెల్ల మెడ,
సంతకం కోసం వచ్చినోళ్ళను నిలబెట్టే
మండలాఫీసు సారు మాదిరి చూపు.
ఎండకు పెచ్చులూడి ఒక కాలు లేదు.
"నిజంది యాడుంది?"
కంబగిరన్న దుర్భిణి అద్దాలు తువ్వాలతో తుడిచినాడు.
తుడిచినవే మళ్ళా తుడిచినాడు.
"మా నాయన గొర్లు మేపుతాంటే పక్కనే నడిచేటివి.
మేకపిల్ల అనుకొని కేకేసినోళ్ళు కూడా ఉండారు.
నేను చూసి చానా ఏండ్లాయ.
కనపడంగానే చెప్పమని నాకు జీతం."

పిల్లలకు అది తెలిసే మాట కాదు.
నాకు తెలిసింది. గమ్మునుంటి.

అప్పుడు జింకలు.
ఒకటి ఎగిరింది, దాని వెనక పదైదు ఎగిరినాయి,
గడ్డి మీద ఎవరో దుప్పటి దులిపినట్ల.
ఉరుకుందు ఉరికినాడు,
పేరు పెట్టిన ముసలాయన చూసింటే మురిసిపోవల్ల,
ఉరికినాడు, నిక్కరు జారేదాంకా.
దూరంగా జింకలు ఆగి వెనక్కి చూసినాయి,
ఈ రొండుకాళ్ళ దాన్ని
యా బోనులోంచి ఇడ్సిపెట్టినారో అని.

కూర్చునేకి చెట్టు లేదు.
ఆటో నీడ ఎంతుంటే అంతలో ఒదిగి ఉగ్గాని తింటిమి.
"ఈడ సింహముంటే ఏం తింటాది?"
"ఉగ్గానే" అన్న్యాడు మద్దిలేటి.
ఎవరూ నగలేదు. ఆయనే నగుకున్న్యాడు.

పోయే ముందర రిజిస్టరు తెచ్చినారు.
పేరు. ఊరు. ఎంతమంది. చూసినవి.
మూడో తరగతి లిఖిత పెన్ను గుంజుకొని
నాలుక బయటపెట్టి రాసింది:
జింకలు, లెక్క తప్పింది.
తొండ ఒకటి.
గద్ద ఒకటి, చానా పైన.
ఆడ ఆగి తలెత్తి అడిగింది,
"చూసినవి అంటే మనం చూసినవా,
మనల్ని చూసినవా?"
కంబగిరన్న గడ్డి పక్క చూసినాడు.
"రొండూ రాయి తల్లీ."
బట్టమేక పిట్ట ఒకటి, అని రాసింది.
గడ్డిలో కూర్చొని మమ్మల్ని చూసింటాది.
ఆయన కొట్టేయలేదు.
కింద తారీకు వేసి
తన సంతకం పెట్టినాడు.

కర్నూలు చేరేసరికి ముగ్గురూ ఒకరి మీద ఒకరు నిద్ర.
బుధవారపేట సందులో, లైటు స్తంభం కింద
రాత్రి పదిదాంకా ఏరుతాండ
బట్టలకు పట్టిన గడ్డి ముళ్ళు.
ప్రతిదీ ఒక సన్న బాణం,
ఎదురు లాగితే లోపలికే పోతాది.
మద్దిలేటి అగ్గిపెట్టె తీసి
లెక్క ఒకసారి చూసుకొని
బీడీ ముట్టించకుండానే జేబులో పెట్టినాడు.

బడి తెరిచి నెలాయ.
లిఖిత పావడా అంచులో ఇంకా ఒకటుంది.
గుచ్చుకుంటాందంటాది.
తీస్తానంటే తీయనీదు.