పెన్సిల్ గీత

జీలాంగ్‌లో జులై.
నార్లేన్ వైపు ఓ చెక్కగోడల ఇల్లు.
లోర్నా ట్రెలోర్ గారి స్నానాలగదిలో
గులాబీరంగు టైళ్ళు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.
ఉలి మోపగానే మూడు ఊడి చేతిలోకొచ్చాయి,
కదిలే పళ్ళలా.
వెనక గోడ టీలో నానిన రస్కు.
పైన పటారం, లోన లొటారం
అని మనసులో అనుకుని
పైకి మాత్రం "కొంచెం పనుంది" అన్నాను.
"అరవై ఏళ్ళు స్నానం చేశాను బాబూ అందులో,
కొంచెమే ఉంటుందిలే" అందావిడ.

టైలు నీళ్ళనాపదు.
ఈ మాట కర్మెను జమిత్‌ది.
మాల్టా నుంచి పడవలో వచ్చి
రెండు మోకాళ్ళూ ఈ ఊరి నేలలకే ఇచ్చేసిన మేస్త్రి.
"టైలు చొక్కా. సందుల్లో నింపే గ్రౌటూ చొక్కాయే.
నీళ్ళని ఒంట్లోకి దిగనివ్వనిది చర్మం.
నువ్వు ముందు చర్మం వెయ్యి."
ఓసారి ఆయనకి చెప్పాను:
మీ చేతిలోదాన్ని మా భాషలో తాపీ అంటారు,
తొందరపడకపోవడాన్నీ తాపీ అనే అంటారు.
చాలాసేపు దాని వంకే చూసి
"మీవాళ్ళలో ఎవడో మంచి పనివాడుండేవాడు" అన్నాడు.

అందుకే ముందు మూలలు.
నేలా గోడా కలిసేచోటే ఇల్లు కదులుతుంది,
అక్కడ సాగే బంక, దాని మీద పట్టీ.
మొదటి పూత బూడిదరంగు, నిలువుగా.
ఆరేదాకా వ్యాన్ వెనక కూర్చుని
నిన్నటి పులిహోర తిన్నాను.
రెండోది నీలం, అడ్డంగా.
నీలంలోంచి బూడిద ఎక్కడ తొంగిచూసినా
దొంగ దొరికినట్టే.
తూము వైపు వాలు, ఎనభైకి ఒకటి.
లెవెల్ గొట్టంలో బుడగ
మొహమాటంగా పక్కకి జరిగితే చాలు.
నీరు పల్లమెరుగు.
నిజం దేవుడెరుగు అంటారు గాని
ఈ పనిలో అదీ నీరే ఎరుగు.

పూత గట్టిపడ్డాక తూముకి బిరడా బిగించి,
రెండంగుళాల నీళ్ళు నిలిపి,
నీలం మీద పెన్సిల్‌తో గీత గీశాను.
రేపు ఈ వేళకి నీళ్ళు గీతనే అంటుకుని ఉండాలి.
రాసింది నేను, దిద్దేది నీళ్ళు.

మర్నాడు గీత కింద గోరంత ఖాళీ.
గోరంతే.
నాకది కొండంత.

టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని
పొట్ట మీద పాక్కుంటూ ఇంటికిందికి దూరాను.
సాలెగూళ్ళు, పాత బీరుసీసా, ఎవరిదో టెన్నిస్ బంతి.
ఒక్కో దూలాన్నీ తడిమాను
జ్వరానికి పిల్ల నుదురు తడిమినట్టు.
పొడి. మట్టీ పొడే.
మరి నీళ్ళెటు పోయాయి?

కర్మెనుకి ఫోన్ చేశాను.
"ఇంట్లో దాహం వేసేదెవరికి?" అన్నాడు,
పెట్టేశాడు.

నడవాలో చాపమీద
పధ్నాలుగేళ్ళ కుక్క, పేరు బార్నబీ.
గడ్డం నుంచి చుక్కలు.
స్నానాలగది గుమ్మం దాకా
తడి పాదాల ముద్రలు, ఒకటి కాస్త ఈడ్చుకుంటూ.
"గిన్నెలో నీళ్ళు వాడికి సయించవు" అంది లోర్నా.
"పాత నేల ఓ మూల కుంగింది కదా,
నా స్నానమయ్యాక అక్కడ నిలిచేవి వాడివి."

తలుపేసి మళ్ళీ నింపాను.
మళ్ళీ ఒక రోజు.
ఈసారి గీతా నీళ్ళూ ఒకటే.
బిరడా తీస్తే చుక్క మిగలకుండా పోయాయి.
పనితనమంటే అదే.
బార్నబీ గుమ్మంలో నిలబడి
తూము వంక చూశాడు, తర్వాత నా వంక.

తెల్లటైళ్ళు అతికాను, పళ్ళ తాపీతో, తాపీగా.
చెత్తబస్తాలోంచి
పాత గులాబీ సబ్బుపెట్టె వెతికి తీసి
నేలకి జానెడెత్తున, షవర్ జల్లు పడేచోట,
టైలు మీదే అంటించాను, లోపలి పొరకి చిల్లు పడకుండా.
సబ్బు పెట్టకండి అని మాత్రం చెప్పాను.

బిల్లులో దానికి వరస లేదు.
ఏమని రాయను?