వంద వాట్ల ఎండ

మూడు నెలల అద్దె ఎగ్గొట్టి పోయిన పిల్లోడు
పై గదిలో వదిలేసినవి:
ఒక బకెట్టు, తెగిన చెప్పు,
గాజుపెట్టెలో ఒక తొండ.

"తొండ కాదు మామా, డ్రాగన్" అన్నాడు ఇమాంబాషా,
"గడ్డమున్న డ్రాగన్. ఆస్ట్రేలియాది. వేలల్లో రేటు."
దాని గడ్డం చూసినా.
మాసిన గోనెపట్టా ముక్క మాదిరి ఉంది.

మా గుంతకల్లులో తొండ కనపడితే
చెయ్యి దానంతటదే రాయి వెతుకుతాది.
రైల్వే క్వార్టర్ల గోడెక్కి అది తలాడిస్తే
నన్నే ఎక్కిరిస్తాందని
గురిచూసి కొట్టినోన్ని నేను.
పదేళ్ళప్పుడు ఎన్ని చంపినానో.
ఆ లెక్క ఎవరూ అడగలేదు.

పెట్టెలో బల్బు మాడిపోయి ఎన్నాళ్ళయిందో.
కింద పాత పేపరు, ఎండిన క్యారెట్టు ముక్క.
ఒక వేలు లేదు. ఇంకో వేలికి
ఊడని పాత చర్మం దారం చుట్టినట్టు బిగిసింది.
తోక మొదట్లో ఎముకలు లెక్కపెట్టొచ్చు.
రైతులు కాలిన మోటార్లు తెచ్చి నా ముందర పడేస్తారు,
ఏ కాయిల్ పోయిందో వాసనతోనే చెప్తా.
దీన్ని వాసన చూస్తే ఏమీ తెలియలేదు.
ఇది కాలలేదు, చల్లారింది.

ముందు ఎండ కావాల దానికి.
గుంతకల్లులో ఎండకు కరువా!
బయట పెడితే పది నిమిషాలకే పెట్టె పొయ్యి అయింది,
నోరు తెరిచి ఎగపోస్తా ఉంటే లోపలికి ఎత్తుకొచ్చినా.
ఎండక్కూడా కొలత ఉంటాదని
యాభై రెండేళ్ళకు తెలిసింది.
ఒక మూల వంద వాట్ల బల్బు, ఇంకో మూల నీడ,
నడుమ తాడిపత్రి నల్లబండ ముక్క,
బెంగుళూరు నుంచి బస్సులో దిగిన ఊదారంగు ట్యూబు.
పశువుల డాక్టరమ్మ నవ్వి, క్యాల్షియం పొడి రాసిచ్చింది.
కళ్యాణదుర్గం నుంచి మా చెల్లెలు ఓబులమ్మ
టిఫిన్ డబ్బా నిండా పట్టుపురుగులు పంపింది,
"చీరె కావాల్సినవి తొండ నోట్లోకా" అని
ఒక తిట్టు ఉచితంగా కలిపి.

చెయ్యి పెడితే చాలు
గడ్డం బొగ్గయ్యేది. నోరు తెరిచి బుస.
సరే, పెట్టను.
పక్కన స్టూలేసుకుని రాగితీగ చుట్టుకుంటా కూచున్నా.
వారం. రెండు వారాలు.
పనిలో నోరిప్పని నేను దాంతో మాట్లాడినా:
ఇది అయిదు హార్స్ పవరు,
ఇది కొట్టాల ఈరప్పది,
ఎండిన బోరులో తిప్పితే కాలక ఏం చేస్తాది, నువ్వే చెప్పు.

ఒకనాడు కుడి చెయ్యి ఎత్తింది.
మెల్లగా, నీళ్ళలో ఊపినట్టు, గుండ్రంగా.
"సలాం పెడతాంది రా!" అని కేకేసినా.
బాషా ఫోనులో వెతికి అడ్డంగా తలూపినాడు.
"సలాం కాదు మామా.
నేను చిన్నదాన్ని, కొట్టొద్దు, అని అర్థమంట."

ఆ మాట చెప్పి స్పానరు తెచ్చినాడు.
అందుకోను నేను చెయ్యెత్తితే
వాని మోచెయ్యి
మొహానికి అడ్డంగా లేచింది.
లేచి, సిగ్గుపడి,
తల గోక్కుంటున్నట్టు దిగింది.

నేను వాన్ని పెద్దగా కొట్టింది లేదు.
పెద్దగా.
ఆ ఒక్క మాట పొద్దు మునిగేదాకా
ఇనుపరజను మాదిరి పండ్ల కింద కరకరలాడింది.

ఆ పొద్దు నుంచి చెయ్యి కింద నుంచే పోనిస్తా.
పైనుంచి వచ్చేదంతా గద్దే దానికి.
స్పానరు కావాలంటే
బల్ల మీద పెట్టరా, నేనే తీసుకుంటా అంటా.

మూడో నెలలో పురుగును నా వేళ్ళలోంచే లాక్కుంది.
గోరువెచ్చని నీళ్ళలో నానేసి, నానేసి,
ఆ దారమంత చర్మం ఒలిస్తే
కింద లేత పసుపు వేలు.
పోయిన వేలు పోయిందే.

నిన్న షాపు మూసే వేళ కరెంటు పోయింది.
బల్బు ఆరింది, బండ చల్లబడింది.
మూత తీసి చెయ్యి చాపితే
ఎక్కింది. మోచెయ్యి, భుజం,
మెడ కింద గుంతలో గడ్డం ఆనించి పడుకుంది.
ముండ్లనుకుంటి ఇన్నాళ్ళూ. మెత్తన.

"ప్రేమ కాదు మామా, వేడి కోసం" అన్నాడు బాషా
టార్చి పట్టుకుని, ఈసారి ఫోను చూడకుండానే.
కానీలే రా, అన్నా.
నువ్వూ ఇట్లొచ్చి కూచో, గాలి చల్లగా ఉంది.

వచ్చి కూచున్నాడు,
ఒక చెయ్యి దూరంలో.