తగలని దెబ్బ

పోయిన ఎండాకాలం చిట్టీ పాడిన.
నా బతుకుల నేను పాడింది అదొక్కటే.
వచ్చిన పైసలల్ల నాలుగు వేలు పక్కకు తీసి
కోఠీల పాత గిటార్ కొన్న.
దాని చెవి ఒకటి మెలేస్తే తిరగది.
పొట్ట మీద ఎవరిదో పేరు
చెక్కి, మళ్ల గీకేసిన గుర్తు.

ఇంట్ల నవ్విన్రు. నవ్వనీ.

ఆయితారం నాలుగింటికి లాలాగూడ.
రైల్వే క్వార్టర్ల వెనక సందుల
డెరిల్ సార్ వరండా.
వర్క్‌షాపుల సుత్తె పట్టి పట్టి
గట్టిపడ్డ చెయ్యి ఆయనది.
పెరుగు డబ్బా మూత కత్తిరించి
నాకు పిక్ చేసిచ్చిండు.

"పాట అడగకు మణెమ్మా,
రెండు నెలలు చెయ్యి ఒక్కటే.
కిందికి, కిందికి పైకి,
పైకి కిందికి పైకి."

గింతేనా అనుకున్న.
పద్దెనిమిదేండ్లు నడిచే బస్సుల నిలబడ్డదాన్ని.
మెట్టుగూడ మలుపు కాడ
భుజం రాడ్‌కు ఆనిచ్చి
చిల్లర చూడకుంటనే ఎంచే వేళ్లు.
ఆరు తీగలు నాకొక లెక్కనా?

లెక్కనే.
మూడో లెక్క కాడ చెయ్యి నిలబడిపోతది.
అక్కడ దెబ్బ లేదు గద, ఎందుకు దిగాలె అంటది.
దిగకుంటే పైకి ఏడికెళ్లి వస్తది?
అక్కడ్నే తెగుతది, దారం తెగినట్టు.

"నక్కో రోకో," అంటడు సార్,
"తీగకు తగలకుంట పోనియ్యి.
తగలకున్నా చెయ్యి దిగాల్సిందే."

నాకెక్కలే.
ఉప్పల్‌ల బస్సు పెట్టి డ్రైవర్ ఎల్లేశం చాయ్‌కి పోతుంటే
ఇండికేటర్ బంద్ చెయ్యొద్దన్న.
టిక్కు, టిక్కు, టిక్కు.
ఖాళీ సీట్ల నడుమ
బ్యాగు మీద ఉత్త చెయ్యి ఊపుకుంట కూసున్న.
కిటికీలకెళ్లి చూసినోళ్లు
దోమలు కొడుతున్న అనుకున్నరో ఏమో.
ఎడమ చేతి వేళ్ల కొనలు కాయలు కాసినయి గని
కుడి చెయ్యి మాత్రం
మూడో లెక్క కాడ మొండికేసిన దూడ.

బేస్తారం పొద్దున తార్నాక కాడ
ఒక పిల్ల ఎక్కింది, చెవులల్ల వైర్లు.
ఆధార్ కార్డు చూపిచ్చి
"ఫ్రీయే గద ఆంటీ, టికెట్ ఎందుకు?" అన్నది.
దినానికి నలభై సార్లు చెప్పే మాటే చెప్పిన:
"సున్నా టికెట్ గూడ కొట్టాలె బిడ్డా.
పైసలు లేకున్నా నువ్వు ఎక్కినవ్ గద,
లెక్కల రావాలె."

చెప్పి, మిషన్ కాగితం చింపబోయి
అట్లనే నిలబడ్డ.
వెనకకెళ్లి ఎవరో "టికెట్, టికెట్" అని ఒర్రుతున్నరు.

ఆ రాత్రి అన్నాలైనంక మెట్ల మీద కూసున్న.
కిందికి. కిందికి పైకి.
సున్నా.
పైకి కిందికి పైకి.
మల్లొకపారి. మల్లొకపారి.
గాలిల దిగిన చెయ్యి
గాలిని కొట్టి పైకొచ్చింది, తెగకుంట.
పక్కింటి కుక్కర్ కూత పెట్టినా ఆగలే.

ఆయితారం సార్ ముందల వాయించిన.
మంచిగుందనలే, బాలేదనలే.
ఆయన చెప్పు మాత్రం నేలకు తడుతున్నది.
అగో, గా టైంలనే
మౌలాలి దిక్కు గూడ్సు బండి పోయింది.
దాని దడదడల నా లెక్క ఏడనో దిగిపోయింది.

సార్ నవ్విండు.
"డబ్బాలు ఎంచకు. పోనియ్యి.
మళ్ల ఒకటికెళ్లి."

చెయ్యి అప్పటికే కిందికి పోతున్నది.