అతుకు

ఆ సాయంత్రం సింధియా జంక్షన్‌లో కరెంటు పోయింది.
మైకు ఒక్కసారి గురకపెట్టి చచ్చింది.
సూరాడ కొర్లయ్య ఖాళీ గ్రీజు డ్రమ్మెక్కి
నుదుటి మీది వెల్డింగు అద్దాలు తియ్యకుండానే
మొదలెట్టాడు.

సముద్రపు గాలి సగం మాటల్ని
డాల్ఫిన్ నోస్ వైపు ఈడ్చుకుపోతోంది.
విన్నవాళ్ళు వెనక్కి తిరిగి
విననివాళ్ళకి అందిస్తున్నారు,
ఇటుకలు అందించినట్టు.
గోడవార టీ కెటిలుతో నిలబడ్డ నాదాకా
ఒక్కటే వచ్చింది:
"మనం ఎక్కని ఓడకే
అతుకు గట్టిగా ఎయ్యాల్రా."

ముప్పై ఏళ్ళు ఆ మాట నాతో డ్యూటీకొచ్చింది.
ఎవరూ చూడని అడుగు పలకల మధ్య
చెమట కళ్ళలోకి దిగినప్పుడు
నా చెయ్యి వణక్కుండా పట్టుకుంది.

మొన్న మల్కాపురంలో ముసలాయన్ని అడిగితే
బోసినోటితో నవ్వాడు.
"నానలాగన్లేదురా గుంటడా,
బోనస్ గురించి మాటాడేను."

మరెవరన్నారు?
నాలుగొందల నోళ్ళలో ఏ నోరు?

ఇవాళ ట్రైనింగు షెడ్డులో
పెందుర్తి పిల్ల హైమ మాస్కెత్తి
"లోపలి అతుకు ఎవరు చూస్తారు సార్?" అంది.
చెప్పాను.
గ్రైండర్ల రొదలో ఎంత వినబడిందో!

పక్కపిల్ల చెవిలో అరిచి చెబుతోంది.
నేనన్న మాట కాదది.
ఇంకా బాగుంది.