దొరికినప్పుడు, వదిలినప్పుడు

జుబైల్‌లో నవంబరు. ఫజర్ అజాకు ఇంకా పావుగంట.
సముద్రాన్ని మంచినీళ్ళు చేసే మా ప్లాంటులో
చివరి గది నీళ్ళు నలభై డిగ్రీలకే కళపెళ ఉడుకుతున్నాయి.
చెయ్యి పెడితే కాలదు. పైన గాలి బరువు తీసేశాం, అంతే.

ఎంత తీశామో చెప్పేది పిడికిలంత గేజి.
లోపల ఉల్లిపొర లాంటి ఉక్కురేకు.
దానికి ఒక పక్క ప్లాంటు, ఇంకో పక్క
ఫ్యాక్టరీవాళ్ళు ఎప్పుడో మూతేసి అతికించిన ఖాళీ.
ఆ ఒక్క ఖాళీని ఆనుకునే
రేకు మిగతా ఖాళీలన్నిటినీ కొలుస్తుంది.
ఉప్పు పడితే బిగుసుకుంటుంది, ఎండకు లెక్క జారుతుంది.
అందుకే మూడు నెలలకోసారి విప్పుకొచ్చి
వర్క్‌షాపులో మాస్టర్ గేజి పక్కన బిగిస్తాను.
రెండు గళ్ళు నింపుతాను:
దొరికినప్పుడు ఎంత, వదిలినప్పుడు ఎంత.
కింద పచ్చ స్టిక్కరు. తేదీ. ముత్తెన్న.

రెండు నెలలుగా నీళ్ళు తగ్గాయి.
కంట్రోల్ రూములో వ్యాక్యూం మాత్రం బంగారం.
ఎజెక్టర్‌ని తిట్టారు. గొట్టాలు ఆసిడ్‌తో కడిగారు.
మొఫిజుల్‌ని మ్యాన్‌హోల్‌లోకి దింపారు.
ఆరు గంటల తర్వాత మోచేతుల తోలు లేచి బయటికొచ్చి
లోపల ఏమీ లేదు భాయ్ అన్నాడు.

మొన్న నైట్ షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి
ఆవిరి పట్టిక తిరగేశాను.
ఆవిరి నలభైలో ఉంటే ఒత్తిడి డెబ్బై నాలుగు మిల్లీబార్లుండాలి.
గేజి అరవై ఆరంటోంది.
నీళ్ళకు అబద్ధమాడే తెలివి లేదు.
పక్క గేజి చూశాను, అదీ ఎనిమిది తక్కువే. దాని పక్కదీ అంతే.
సాక్షులందరూ ఒకే మాట మీదుంటే
వాళ్ళకు పాఠం చెప్పినవాడు ఒకడుంటాడు.

మాస్టర్‌ని పంపుకు తగిలించి కూర్చున్నాను.
అడుగంటా లాగడానికి నలభై నిమిషాలు.
రోజూ పొద్దున చెయ్యాల్సిన పనే.
ఆడిట్ వచ్చిందనీ, మనుషుల్ని తీసేశారనీ
సెప్టెంబరు నుంచి మానేశాను.
అంకెలు దిగాయి. ఇరవై. మూడు. సున్నా.
సున్నా దగ్గర ఆగలేదు.
మైనస్ ఎనిమిది.

ఏమీ లేనిదానికంటే ఎనిమిది తక్కువ!
హళ్ళికి హళ్ళి సున్నకు సున్న అని వల్లించిన నోరు
తెరుచుకునే ఉండిపోయింది.
మూతేసిన ఖాళీలోకి వెంట్రుకవాసి గాలి జొరబడింది.
కొలిచే మానికకే అడుగున సొట్ట.
మా అవ్వ వడ్లు కొలవబోయే ముందు
మానికను బోర్లించి వేళ్ళతో తట్టి చూసేది.
ఎవరూ చూడకపోయినా తట్టేది.

రొహెలియో టీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.
"జీరో బటన్ నొక్కు భాయ్. ఎవరికి తెలుస్తుంది?"
నొక్కితే సున్నా వస్తుంది.
కాగితం మీద అదీ గుండ్రంగానే ఉంటుంది.
అతని మాటలో చెడ్డతనం లేదు,
జనవరిలో ఇద్దరి కాంట్రాక్టులూ తిరగరాయాలి.

దొరికినప్పుడు: మైనస్ ఎనిమిది, అని రాశాను.
తెల్లారాక ఇంజినీరు హాతెమ్ తలుపు కొట్టాను.
చాలాసేపు కాగితాన్నే చూశాడు.
"ఎన్ని?"
"నలభై మూడు."
అరబీలో ఏదో అన్నాడు, తిట్టో ప్రార్థనో.
తర్వాత, "బ్లేడు తీసుకో."

ఇప్పుడు పచ్చ స్టిక్కర్లు గీకుతున్నాను,
చెమర్చిన పైపుల మధ్య, నెత్తిన టార్చితో.
నా పేరు సగంలో చిరుగుతోంది.
జిగురు గోళ్ళలో ఇరుక్కుంటోంది.
పదిహేడోది ఎత్తున ఉంది. మొఫిజుల్ నిచ్చెన పట్టుకున్నాడు,
మోచేతికి ఇంకా కట్టు.
"ఏమైంది భాయ్?"
గేజీలు తప్పు, అన్నాను మొదట.
రెండు మెట్లు దిగి,
నేను తప్పు, అన్నాను.
అతనేమీ అనలేదు.
నిచ్చెన మాత్రం కదల్లేదు.