ఏది గొప్పదంటే

కాపులుప్పాడ దాటాక, జీడితోట వెనక
భూపతిరాజు గారి షెడ్డు.
తాళాలు నా మొలతాడుకే ఉంటాయి.
లోపల రెండే బళ్ళు:
ఎర్రది ఇటలీది, ఫెరారీ ఎఫ్ ఫార్టీ.
వెండిరంగుది జర్మనీది, పోర్షే తొమ్మిది యాభైతొమ్మిది.
ఆయన రొయ్యలమ్మి కొన్నాడు.
నేను గుడ్డపెట్టి తుడుస్తాను.

హైదరాబాదు నుంచీ కొచ్చిన్ నుంచీ కుర్రాళ్ళొస్తారు.
ఎవరూ చెప్పకుండానే చెప్పులు గుమ్మం బయట విప్పేస్తారు.
"ఏది గొప్పది, దానయ్యా?" అని నన్నడిగి
జవాబు వాళ్ళే చెప్పేసుకుంటారు:
దీనికి ఎనిమిది సిలిండర్లు, దానికి ఆరే,
దీని బలం వెనక చక్రాలకి, దాని బలం నాలుగింటికీ,
ఎన్ని తయారయ్యాయి, ఎన్ని మిగిలాయి,
వేలంలో మొన్న ఎంత పలికింది.

ముప్పయ్యేళ్ళు ఫిషింగ్ హార్బర్లో
మరబోట్ల ఇంజన్లు విప్పిన చేతులివి.
నా తూకం వేరు.

ఎర్రదాని లోపల తివాచీ లేదు.
తలుపుకి పిడి లేదు, తాడుముక్క ఉంది,
లంగరు లాగినట్టు లాగాల.
రంగు ఎంత పల్చగా పూశారంటే
సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే
అడుగున అల్లిక కనిపిస్తుంది, చాప అల్లినట్టు.
సగం కట్టి వదిలేశారేటని మొదట్లో అనుకున్నాను.
దాని పొగరు అదేనని తర్వాత తెలిసింది.

వెండిది బ్యాంకు మేనేజరు.
కాళ్ళకింద మెత్త, చల్లగాలి, మీట నొక్కితే దిగే అద్దాలు.
తడి రోడ్డో పొడి రోడ్డో ఒక మాట చెబితే చాలు,
ఏ చక్రానికి ఎంతో అదే పంచుకుంటుంది.
దానితో పోట్లాడ్డానికి ఏమీ ఉండదు.

తుపాను కబురొచ్చిన రాత్రి
రాజుగారు దుబాయిలో ఉన్నారు.
"రెంటినీ ఆనందపురం గిడ్డంగికి చేర్చేయ్" అన్నారు.
"ఏది ముందు, బాబూ?"
నట్టునట్టు నంబరు తెలిసిన మనిషి,
ఎంతసేపటికీ పలకలేదు.
లైను కట్టయిపోయింది.

ఎర్రదాని తాళం తిప్పాను.
దగ్గింది. ఇంకోసారి దగ్గి ఊరుకుంది.
వెండిది మొదటి తిప్పుకే లేచింది,
వానలో ఆనందపురం దాకా
నీళ్ళమీద ఇస్త్రీ చేసినట్టు పోయింది.
నేను తోలానని కూడా చెప్పలేను.

మేనల్లుడి స్కూటరు మీద తిరిగొస్తే
సరుగుళ్ళు రోడ్డుకి అడ్డంగా పడున్నాయి.
వాణ్ణి ఎవరి వరండాలోనో కూర్చోబెట్టి
మిగతా దారంతా నడిచాను.
రేకులు ఒక్కొక్కటీ లేచిపోతున్నాయి.
ఎర్రదాని మీద టార్పాలిన్ కప్పి, వల వేసి బిగించి,
లోపల దూరి తాడు చేతికి చుట్టుకుని
తెల్లారేదాకా కూర్చున్నాను.
అరిచాను కూడా. దేనిమీదో గుర్తులేదు.

పొద్దున్న చూస్తే ముందువైపు జానెడు గీత.
రాజుగారు వచ్చి దానిమీద వేలు పెట్టి చూసి,
ఏమీ అనకుండా కారు కాగితాలు అడిగారు.

ఇప్పుడు మంగళవారం మంగళవారం
రెంటిమీదా సముద్రం ఒకేలా కూర్చుంటుంది.
గుడ్డ నాలిక్కి ఆనించి చూశాను,
ఇటలీ ఉప్పు, జర్మనీ ఉప్పు అని వేరే లేదు.

కుర్రాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు.
వెండిదే మంచి బండి అంటాను. నిజమే అది.
గుడ్డ మాత్రం
ముందు ఎర్రదాని మీదికే పోతుంది.